అప్పును మొదటి జీతంతో తూచండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచే పెద్దమండ్యం, తంబళ్లపల్లె, ములకలచెరువు మండలాల్లో బైపీసీ చదివిన ఆడపిల్ల ఉన్న ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. బెంగళూరు కాలేజీలో నర్సింగ్ సీటు ఉందంటారు. ఈ వారంలో అడ్వాన్సు కడితే హాస్టలుతో కలిపి తక్కువలో అయిపోతుందంటారు. నాలుగేళ్లు ఓపిక పడితే జర్మనీలో నెలకు రెండు లక్షలంటారు. ఆ రెండు లక్షల మాట పూర్తిగా అబద్ధం కాదు. అంత సంపాదిస్తున్న తెలుగు నర్సులు ఉన్నారు. కానీ ఇంటి పెద్దలు అప్పు తెచ్చేముందు త్రాసులో రెండోవైపు ఆ జీతాన్ని పెట్టుకుంటున్నారు. లెక్క అక్కడే తప్పుతోంది. నర్సింగ్ డిగ్రీకి చేసే అప్పును తూచాల్సింది మదనపల్లెలోనో తిరుపతిలోనో పాప చేతికి వచ్చే మొదటి జీతంతో. ఎందుకంటే కంతులు మొదలయ్యేది ఆ జీతం మీదే.

ముందు ఈ ఇళ్ల ఆదాయం సంగతి చూడాలి. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలోకి మారిన పెద్దమండ్యం మెట్ట ప్రాంతం. బోరులో నీళ్లుంటే టమోటా, లేకుంటే వేరుశనగ, పెరట్లో ఒకటి రెండు ఆవులు, ఇంట్లో ఒకరు బెంగళూరులోనో కువైట్‌లోనో. 2023 జులై ఆఖరులో మదనపల్లె మార్కెట్‌లో కిలో టమోటా రెండు వందల రూపాయల దాకా పోయింది. కోత కూలి కూడా రాదని పంటను చేలోనే వదిలేసిన సీజన్లు అంతకుముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. ఆ రెండు ధరల మధ్య బతికే ఇంటికి, నెలనెలా మారని కంతు ఒకటి పదేళ్లపాటు తగులుకోవడం చిన్న విషయం కాదు. పట్టణంలో నెలజీతం ఉన్న ఇంటికి అదే అప్పు వేరు, ఇక్కడ వేరు. కాలేజీల కరపత్రాల్లో ఈ తేడా ఎక్కడా కనబడదు.

ఇక సీటు సంగతి. బీఎస్సీ నర్సింగ్ అంతా ఒకే చదువు. సిలబస్ భారత నర్సింగ్ మండలిది, పరీక్ష ఆరోగ్య విశ్వవిద్యాలయానిది. అయినా ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి అప్పుల మధ్య నాలుగైదు రెట్ల తేడా ఉంటుంది. ఒకరిది కన్వీనర్ కోటా, ఇంకొకరిది మేనేజ్‌మెంట్ కోటా. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉంటే కన్వీనర్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. 2008లో మొదలైన ఆ ఏర్పాటు తర్వాత జగనన్న విద్యాదీవెన అయింది. హాస్టలు ఖర్చులకని వసతిదీవెన కింద డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20 వేలు చేర్చారు. 2024 తర్వాత ఫీజు డబ్బు మళ్లీ నేరుగా కాలేజీకి జమచేసే పద్ధతికి వచ్చారు. పేర్లు, ఖాతాలు ఎలా మారినా మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో వందల మంది ఆడపిల్లలు నర్సులయ్యింది ఈ డబ్బుతోనే. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను.

అయితే ఆ డబ్బు ఎప్పుడు వస్తుందన్నది వేరే కథ. త్రైమాసికాలు దాటిపోతాయి, బకాయిలు పడతాయి. కాలేజీవాళ్లు హాల్ టికెట్ దగ్గర పట్టుకుంటారు. 'ప్రభుత్వం వేసినప్పుడు తిరిగిస్తాం, ఇప్పటికి మీరు కట్టండి' అంటారు. అప్పుడు తండ్రి చేసే అప్పు ఏ పథకం లెక్కలోకీ రాదు. ఫీజు లేని సీటుకు కూడా పరీక్షల ముందు 40 వేలో 50 వేలో చేబదులు తేవాల్సి వచ్చిన ఇళ్లు ఎన్నో. ఆ డబ్బు తర్వాత ప్రభుత్వం నుంచి వచ్చినా మధ్యలో తిరిగిన వడ్డీ ఎవరూ ఇవ్వరు. పైగా, ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవోతో రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి కాలేజీలో పాఠం చెప్పాలనుకున్న పేదింటి పిల్లకు ఆ దారి అక్కడే ఇరుకైంది.

సరిహద్దు దాటి బెంగళూరులో చేరితే ఈ రీయింబర్స్‌మెంట్ అసలే ఉండదు. కుప్పం నుంచి రైలెక్కితే రెండు మూడు గంటల్లో బెంగళూరు. మదనపల్లె నుంచి బస్సులు ఎప్పుడంటే అప్పుడు. దగ్గరే కదా అన్న ధీమాతో చేర్చేస్తారు. అక్కడ రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద మంచి కాలేజీలున్నాయి. పేరుకు మాత్రమే కాలేజీలయినవీ ఉన్నాయి. పైగా, కాలేజీలకు గుర్తింపు ఇచ్చే అధికారం భారత నర్సింగ్ మండలికి లేదని 2017లో కర్ణాటక హైకోర్టు తీర్పు చెప్పాక గందరగోళం మొదలైంది. మండలి జాబితాలో కాలేజీ పేరు లేదని బ్యాంకులు రుణం ఇవ్వకపోవడం, వేరే రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ దగ్గర ఇబ్బంది పడడం పొరుగు రాష్ట్రాల పిల్లలకు అనుభవమైంది. ఏజెంటు ఫోన్లో ఈ సంగతి చెప్పడు.

ఇప్పుడు వడ్డీకి వద్దాం. నా అభిప్రాయంలో ఈ మొత్తం వ్యవహారంలో ఫీజు కంటే పెద్ద విషయం ఇదే. ఏడాదికి అన్నీ కలిపి లక్ష చొప్పున నాలుగేళ్లకు నాలుగు లక్షలు అప్పు చేశారనుకుందాం. బ్యాంకులో పది శాతం వడ్డీకి దొరికితే, చదువు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది కంతు కట్టక్కర్లేదు. ఆ అయిదేళ్లకు బారువడ్డీ లక్షా నలభై వేలు కలిసి అయిదు లక్షల నలభై వేలవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 7,100 పైచిలుకు. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపని తహసీల్దారు ధ్రువపత్రం ఇస్తే, ఆ అయిదేళ్ల వడ్డీ కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం 2009 నుంచి ఉంది. అప్పుడు తీర్చాల్సింది నాలుగు లక్షలే, కంతు 5,300 లోపే.

అదే నాలుగు లక్షలు ఊళ్లో తెస్తే? ప్రోనోటు తీసి చూస్తే అందులో రెవెన్యూ స్టాంపు, దానిమీద అడ్డంగా తండ్రి సంతకం, పైన అచ్చులో ఒక వాక్యం ఉంటాయి. నెల ఒకటికి నూటికి ఇన్ని రూపాయల వంతున వడ్డీ అని. ఖాళీలో పెన్నుతో రాసేది రెండు. మనిషికి మనిషికి నడిచే మాట ఒక్కోసారి మూడు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నాలుగు లక్షల మీద నెలకు ఎనిమిది వేలు ఉత్త వడ్డీయే. అసలులో ఒక్క రూపాయి తగ్గదు. బ్యాంకు కంతు 5,300 కట్టుకుంటూ పోతే పదేళ్లకు అప్పు తీరిపోతుంది. ఇక్కడ ఎనిమిది వేలు కట్టుకుంటూ పోయినా పదేళ్లకు నాలుగు లక్షలు అలాగే ఉంటుంది. ఆ అయిదేళ్లూ ఏమీ కట్టకపోతే, వడ్డీకి వడ్డీ వేయని మంచివాడే దొరికినా, తేలేది ఏడు లక్షల ముప్పై ఆరు వేలు.

మరి బ్యాంకుకు ఎందుకు పోరు? 'బ్యాంకు చుట్టూ తిరిగే పొద్దుకి కాలేజీ గడువు అయిపోతాది. ఆయన దగ్గరైతే సాయంత్రానికే దుడ్డు చేతికొస్తాది' అంటారు. ఆ మాటలో నిజం ఉంది. నాలుగు లక్షల దాకా సొంత వాటా అడగకూడదని, ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగకూడదని బ్యాంకుల సంఘం నమూనా పథకం చెబుతుంది. మా సర్వీస్ ఏరియా కాదని విద్యారుణం తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. 2015 ఆగస్టు 15 నుంచి విద్యాలక్ష్మి పోర్టల్ ఉంది, ఇంటి నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. మొన్నటిదాకా సప్తగిరి గ్రామీణ బ్యాంకు, 2025 మే నుంచి విలీనమై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయిన శాఖల్లో ఇవన్నీ తెలిసిన అధికారులే ఉంటారు. అయినా పంట రుణం బకాయి ఉందనో, పాప పేరు మీద ఆస్తి లేదనో, మేనేజ్‌మెంట్ సీటనో ఫైలు కదలదు. ఆ చివరిది కొట్టిపారేయలేని అడ్డంకి. వడ్డీ రాయితీలు, హామీ పథకాలు ప్రతిభ మీద వచ్చిన సీట్లను దృష్టిలో పెట్టుకొని రాసినవి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కూడా దేశంలో ఎంపిక చేసిన సుమారు 860 పేరున్న సంస్థలతో మొదలైంది. పల్లె పిల్ల చేరే చిన్న నర్సింగ్ కాలేజీ ఆ జాబితాలో ఉండదు. అంటే ఎక్కువ ఫీజు కట్టే సీటుకే ఎక్కువ వడ్డీ అప్పు దొరుకుతుంది. మేనేజ్‌మెంట్ సీటు, ఊరి వడ్డీ ఈ రెండూ ఒకే ఇంట్లో కలిసినప్పుడే ఇల్లు మునుగుతోంది. మొదటిది తప్పనప్పుడు కనీసం రెండోదాన్ని తప్పించుకోవాలి. వడ్డీ రాయితీకి అర్హత ఉండి కూడా, దాని దరఖాస్తు మొదటి విడత రుణం తీసుకునేటప్పుడే ఇవ్వాలన్న ఒక్క విషయం తెలియక లక్షా నలభై వేలు పోగొట్టుకోవడం మరీ అన్యాయం.

త్రాసు రెండోవైపు జీతం. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు లాంటి పట్టణాల్లో ముప్పై నలభై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సుకు చేతికొచ్చేది సాధారణంగా పది నుంచి పదిహేను వేల మధ్య. రాత్రి డ్యూటీ పన్నెండు గంటలు. ఒకే నర్సు వార్డంతా చూస్తుంది, సెలైన్లు మారుస్తుంది, ఆపరేషన్ కేసు వస్తే థియేటర్‌కు పరుగెత్తుతుంది. తెల్లారుజామున బిల్లు గొడవపడే బంధువులకూ తనే జవాబు చెబుతుంది. బీఎస్సీ చదివినామె పక్కన మూడేళ్ల జీఎన్ఎం డిప్లొమా చదివినామె ఉంటుంది, వాళ్ల పక్కన ఏ రిజిస్ట్రేషనూ లేకుండా అనుభవం మీద పనిచేసే అమ్మాయి ఉంటుంది. ముగ్గురి జీతాల మధ్య తేడా వెయ్యి రెండు వేలు. డిగ్రీకి చేసిన అప్పు మాత్రం ఒక్కరిదే. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకొని, మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలనే బాండు పద్ధతి అక్కడక్కడా ఇంకా నడుస్తోంది. ఆ పద్ధతి చెల్లదని నర్సింగ్ మండలి ఎప్పుడో చెప్పింది.

పన్నెండు వేల జీతంలో బ్యాంకు కంతు 5,300 పోతే ఆరు వేల ఏడు వందలు మిగులుతుంది. ఇంట్లో ఉండి, ఊరి బస్సులో వచ్చిపోయే పిల్ల అయితే గట్టెక్కుతుంది. 7,100 అయితే కష్టం. ఊరి వడ్డీ ఎనిమిది వేలయితే నెలకు నాలుగు వేలు మిగులుతుంది. బస్సు చార్జీలు, తిండి పోను ఇంటికి పంపేదేమీ ఉండదు. బెంగళూరులో పెద్ద ఆసుపత్రిలో ఇరవై ఇరవై రెండు వేలు ఇచ్చినా హాస్టలు, మెస్సు, పీఎఫ్ పోను చేతిలో నిలిచేది మదనపల్లెలో ఇంటినుంచి చేసే ఉద్యోగం కంటే పెద్దగా ఎక్కువ కాదు. అయితే అక్కడి ఐసీయూ అనుభవం రేపు పనికొస్తుంది. డబ్బు కోసం కాక ఆ అనుభవం కోసం పోవడం తెలివైన పని.

ప్రైవేటు ఆసుపత్రుల బయట దృశ్యం వేరు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్‌కు ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనమే 44,900 దగ్గర మొదలవుతుంది. దానికి 2020 నుంచి నార్‌సెట్ అనే దేశవ్యాప్త పరీక్ష, పోస్టుల్లో 80 శాతం మహిళలకు. మంగళగిరి ఎయిమ్స్ కూడా అందులోనే. రాయలసీమ జిల్లాల స్టాఫ్ నర్స్ పోస్టులు నాలుగో జోన్ కింద కడప నుంచి భర్తీ చేస్తారు. రాతపరీక్ష లేదు. డిగ్రీ మార్కులకు 75, పాసైన ఏడాది నుంచి లెక్కగట్టే పది, కాంట్రాక్టు సేవకు పదిహేను. అందుకే నాలుగేళ్లూ మార్కులు నిలబెట్టుకున్న పిల్లకు అవి తర్వాత ఉద్యోగమై తిరిగొస్తాయి. వీటికంటే దగ్గరి ఉద్యోగం ఊళ్లోనే ఉంది. రాష్ట్రంలో పది వేలకు పైగా గ్రామ ఆరోగ్య క్లినిక్కుల్లో పనిచేసే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే. జాతీయ మార్గదర్శకాల ప్రకారం నెలకు 25 వేలు స్థిరవేతనం, పనితీరు మీద 15 వేల దాకా ప్రోత్సాహకం. కాంట్రాక్టు ఉద్యోగమే, ప్రోత్సాహకం ఆలస్యమవుతుంది, వేతనం పెంచాలని వాళ్లు 2025లో రోడ్డెక్కారు కూడా. అయినా అప్పు లెక్కలో చూస్తే నర్సింగ్ డిగ్రీని ఈ ప్రాంతంలో నిలబెట్టిన ఉద్యోగం ఇదే. జీఎన్ఎం చాలదా, డిగ్రీ ఎందుకు అని అడిగేవాళ్లకు నేను చూపించేది ఈ క్లినిక్కునే. కానీ ఆ పోస్టులు చాలామటుకు నిండిపోయాయి. ఇప్పుడు చేరే పిల్ల నాలుగేళ్ల తర్వాత ఎన్ని ఖాళీలుంటాయో లెక్కగట్టుకోలేదు.

విదేశాల దారి గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలి. రాయచోటి, రాజంపేట, ఇటు మదనపల్లె చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయిన తల్లులు వేలల్లో ఉన్నారు. అక్కడ ఇంటిపనివాళ్లకు 2016లో నిర్ణయించిన కనీస వేతనం 60 దినార్లు. ఆ దినార్లు దాచి కూతుర్ని నర్సింగ్‌లో చేర్చిన తల్లి, తను వంట చేసిన దేశానికే కూతురు లైసెన్సున్న నర్సుగా రావాలని కోరుకుంటుంది. ఆ కోరిక ముందు నేను తలవంచుతాను. కానీ గల్ఫ్ ఆసుపత్రులు చాలాచోట్ల రెండేళ్ల అనుభవం అడుగుతాయి. ఆపైన సర్టిఫికెట్ల పరిశీలన, లైసెన్సు పరీక్ష. జర్మనీకి భాషలో బీ2 స్థాయి కావాలి, దానికి దాదాపు ఒక ఏడాది. బ్రిటన్‌కు ఐఈఎల్‌టీఎస్‌లో ఏడు. బ్యాంకు ఇచ్చే గడువు చదువయ్యాక ఒక్క ఏడాది. అంటే విదేశీ జీతం మొదలయ్యేలోపు కనీసం ఏడాది రెండేళ్ల కంతులు స్థానిక జీతం నుంచే పోవాలి. భాషా శిక్షణ కోసం ఉద్యోగం మానుకుంటే ఆ జీతం కూడా ఉండదు. చాలా ఇళ్లలో రెండో అప్పు పుట్టేది ఈ సందులోనే.

ఆ రెండో అప్పే ఒక్కోసారి మొదటిదాన్ని మించిపోతుంది. 2015లో కొచ్చిలోని ఒక ఏజెన్సీ కువైట్ ఆరోగ్యశాఖ నర్సు ఉద్యోగాలకు 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట ఒక్కొక్కరి దగ్గర పందొమ్మిదిన్నర లక్షలు గుంజిందని సీబీఐ కేసు పెట్టింది. ఆ ఏడాదే కేంద్రం కువైట్‌తో సహా 18 దేశాలకు నర్సుల నియామకాన్ని ప్రభుత్వ సంస్థల చేతికి అప్పగించింది. మనకు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ అలాంటివే. లైసెన్సున్న ప్రైవేటు ఏజెంటయినా 30 వేలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదని 2017 నుంచి నిబంధన. లక్షల్లో అడిగేవాడు చట్టం దాటి అడుగుతున్నాడని ఈ ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలియాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో బ్రిటన్ తమ ఆసుపత్రులకు రాసుకున్న నియమావళిలో, తమ అభివృద్ధి సాయం అందుకుంటున్న ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలకు వెళ్లి నర్సుల్ని నియమించుకోవద్దని ఉండేది. విదేశాలు తలుపు తీసినా మూసినా తమ అవసరాన్ని బట్టే. ఇక్కడి అప్పును ఆ తలుపు మీద ఆధారపెట్టడం మంచిది కాదు.

ఇళ్లలో నిజంగా నడిచే లెక్క మరొకటుంది, అది ఏ బ్యాంకు పట్టికలోనూ లేదు. పాప 22 ఏళ్లకు పాసవుతుంది. 24, 25కు పెళ్లి చేయాలనుకుంటారు. అప్పు పత్రం మీద సహ రుణగ్రహీత తండ్రి. పెళ్లయ్యాక జీతం ఏ ఇంటికి పోతుంది, కంతు ఏ ఇంటి నుంచి పోతుంది? పదేళ్ల గడువు బ్యాంకు దృష్టిలో పదేళ్లే, తండ్రి దృష్టిలో రెండు మూడేళ్లు. ఆ లోపల తీర్చెయ్యాలన్న తొందరే ఏజెంటు మాటకు బలమిస్తుంది, పాప మీద బరువు పెంచుతుంది. కొత్త ఇంటికి అప్పు తీసుకెళ్లిందన్న మాట పడకూడదని జీతమంతా పుట్టింటి కంతులకే ఇచ్చి, తనకు ఒక జత బట్టలు కూడా కొనుక్కోని నర్సులు మన చుట్టూ ఉన్నారు. పెళ్లి చూపుల్లో ఉద్యోగం గురించి అడిగినట్టే అప్పు గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకొని, పెళ్లి తర్వాతా కంతు ఆమె జీతం నుంచే పోతుందని ముందే ఒప్పుకోవడం ఎందుకు సిగ్గు కావాలి? కొడుకు ఇంజినీరింగ్ అప్పు గురించి ఎవరూ అలా సిగ్గుపడరు.

ఈ చదువు మొదటినుంచీ అప్పు చదువు కాదన్నది గుర్తుపెట్టుకోవాలి. లండన్‌లో 1860లో నైటింగేల్ పేరిట మొదలైన శిక్షణాలయంలో నేర్చుకునే అమ్మాయికి వసతి, తిండి ఇచ్చి ఏడాదికి పది పౌన్లు చేతిలో పెట్టేవారు. వార్డులో ఆమె చేసే పనే ఆమె ఫీజు. మన దగ్గర కూడా మిషన్ ఆసుపత్రుల్లో దాదాపు అదే ఒరవడి. వెల్లూరు సీఎంసీలో 1909లో ఐడా స్కడర్ మొదలుపెట్టిన నర్సుల శిక్షణ 1946కు డిగ్రీ చదువైంది. ఇప్పటికీ అక్కడ ఫీజు తక్కువ, బదులుగా రెండేళ్లు మిషన్ ఆసుపత్రిలో సేవ చేయాలి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో నిలదొక్కుకున్న క్షయ శానటోరియంను తలచుకోండి. డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ సారథ్యంలో నడిచిన ఆ ఆసుపత్రిలో, మందులు రాని ఆ రోజుల్లో, వైద్యమంటే విశ్రాంతి, గాలి, వేళకు తిండి. అంటే వైద్యంలో అధిక భాగం నర్సింగే. 1948 ఆగస్టులో దేశంలో బీసీజీ టీకాలు మొదట వేసింది కూడా మదనపల్లెలోనే. అలాంటి చరిత్ర ఉన్న చోట నర్సు పని విలువ ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. మారింది డబ్బు దిశ. ఇప్పటి సిలబస్‌లో ఎనిమిదో సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్పే. విద్యార్థిని వార్డులో పూర్తి డ్యూటీ చేస్తుంది, ఆ సెమిస్టర్‌కు ఫీజూ కడుతుంది. తన ఆసుపత్రిలో తను చేసే పనికి తనే డబ్బు కట్టడం నాకు ఎంత ఆలోచించినా సబబుగా తోచదు.

మొదటి జీతమనే కొలతతో కాలేజీని కూడా ఎంచుకోవచ్చు. గోడల రంగు, బస్సుల సంఖ్య చూడకుండా వెనక ఎన్ని పడకల ఆసుపత్రి ఉంది, అందులో రోజూ ఎందరు రోగులుంటారు అని అడగాలి. కుప్పంలో పీఈఎస్ వైద్యకళాశాల ఆసుపత్రిలాగానో, తిరుపతిలో స్విమ్స్, రుయా లాగానో పెద్ద ఆసుపత్రి వెనక ఉంటే చేయి తిరుగుతుంది. హాజరు లేకున్నా పాస్ చేయిస్తామనే కాలేజీలో నాలుగేళ్లు గడిపిన పిల్ల కాన్యులా పెట్టడానికి భయపడుతుంది. ఆ భయం వల్లే మొదటి జీతం తక్కువ ఒప్పుకుంటుంది.

అప్పు, జీతం రెండూ కలిసి తిరగబడితే ఏమవుతుందో కేరళ మనకంటే ముందు చూసింది. అక్కడ బ్యాంకు రుణాలతో ఇతర రాష్ట్రాల్లో నర్సింగ్ చదివి, తిరిగొచ్చి అయిదారు వేల జీతాలకు చేరిన పిల్లల ఇళ్లకు జప్తు నోటీసులు వచ్చాయి. తల్లిదండ్రులే సంఘం కట్టారు. 2011లో త్రిస్సూర్‌లో పుట్టిన యునైటెడ్ నర్సెస్ అసోసియేషన్ ఆసుపత్రి తర్వాత ఆసుపత్రిలో సమ్మెకు దిగింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016 జనవరిలో కోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం 20 వేలకు తగ్గకూడదని, రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. 2017లో కేరళ విద్యారుణాల చెల్లింపుకు సాయపడే పథకం తెచ్చింది. 2018 ఏప్రిల్‌లో ప్రైవేటు ఆసుపత్రి నర్సులకు కనీసం 20 వేలని నోటిఫై చేసింది. ఆ రాష్ట్రం అప్పునూ జీతాన్నీ ఒకే సమస్యగా చూసింది. మన దగ్గర ఫీజు గురించి ఎన్నికల్లో మాట్లాడతారు, జీతం గురించి మాట్లాడరు. సంపన్న దేశాలూ దీనికి అతీతం కాదు. ఇంగ్లండ్ 2017లో నర్సింగ్ విద్యార్థులకిచ్చే భృతి (బర్సరీ) తీసేసి రుణాల మీదికి నెడితే దరఖాస్తులు ఆ ఏడాదే దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. 2020లో ఏడాదికి అయిదు వేల పౌన్ల గ్రాంటు మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది.

కుటుంబం వైపు నుంచి నా లెక్క ఇది. కన్వీనర్ సీటు వస్తే నిశ్చింతగా చేర్చండి. చేబదులు తెచ్చే అవసరం వస్తుందని ముందే కొంత పక్కన పెట్టుకోండి. మేనేజ్‌మెంట్ సీటయితే, పదేళ్ల కంతు మొదటి జీతంలో మూడో వంతు దాటకుండా ఉండేటంత మాత్రమే అప్పు చేయండి. పన్నెండు వేల జీతానికి అది నాలుగు వేల కంతు, అంటే మూడు లక్షల బ్యాంకు అప్పు, అదీ వడ్డీ రాయితీ దొరికితేనే. అంతకు మించుతుంటే జీఎన్ఎం చేసి, రెండేళ్లు పనిచేసి, ఆపైన రెండేళ్ల పోస్ట్ బేసిక్ డిగ్రీ చేసే దారి ఉంది. నిదానమైనదే, అయినా అప్పుల్లోకి దించదు. రెండు రూపాయల వడ్డీతో మాత్రం ఈ చదువు వద్దు.

ప్రభుత్వం వైపు లెక్క ఇంకా సులువు. నర్సింగ్ కాలేజీకి రీయింబర్స్‌మెంట్ కట్టేది ప్రభుత్వం. అదే పట్టణంలో ప్రైవేటు ఆసుపత్రికి, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకం కింద, ఆపరేషన్లకు డబ్బు కట్టేదీ ప్రభుత్వమే. చదివించడానికీ తనే ఇచ్చి, చదివినామె పనిచేసే చోటికీ తనే ఇస్తున్నప్పుడు, ఆమెకు 20 వేలు బ్యాంకు ఖాతాలో వేస్తేనే ఆసుపత్రిని జాబితాలో ఉంచుతామని అడిగే హక్కు దానికి పూర్తిగా ఉంది. ఆ జీతం ఉంటే నాలుగు లక్షల అప్పుకు 5,300 కంతు నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. జర్మనీ వెళ్లినా వెళ్లకున్నా తీరే అప్పు అది. ఆసుపత్రికీ ఆ పథకం నడిపే ట్రస్టుకూ మధ్య రాసుకునే ఒప్పందంలో ఈ షరతుకు ఒక పేరా పడుతుంది.